పంక్తిలో ఆరో మనిషి

మూడు కావడానికి పదకొండు నిమిషాలున్నాయి. నాలుగింటికి పోలీసు జీపు వస్తుంది. ఆ డెబ్బై ఒక్క నిమిషాల్లో శ్రీలత దొంగ కాదని తేలాలి. తేలకపోతే, తెల్లకోటు విప్పి ఆ పిల్ల జీపెక్కాలి.

డిటెక్టివ్ ఝాన్సీ చేతిగడియారం విప్పి బల్లమీద పెట్టి, కుర్చీ ముందుకు లాక్కుంది. మామిడిపల్లిలోని ‘పొద్దుతిరుగుడు’ వృద్ధుల సేవాసదనంలో అది డాక్టరు గది. ఎదురుగా ముగ్గురు. నడుమ డాక్టర్ నాగమణి. సదనానికి పెద్దదిక్కు, ఝాన్సీకి కబురంపినది ఆవిడే. కుడివైపు నర్సు శ్రీలత. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎర్రబడ్డాయి, అయినా గడ్డం దించలేదు. ఎడమవైపు శ్రావణ్‌కుమార్, సదనాన్ని నడిపే సంస్థకు విజిలెన్స్ అధికారి. ఒకప్పుడు ఎస్సై. ఉద్యోగం మారింది గాని గొంతు మారలేదు.

"ఇంత చిన్న కేసుకు డిటెక్టివ్ ఎందుకో నాకర్థం కాలే," అన్నాడతను. "ఐదుగురు పెద్దమనుషులు. ఎవరికీ గుండెజబ్బు లేదు. రాకుండా ముందుజాగ్రత్తకని రోజూ రాత్రి ఒక కొలెస్ట్రాల్ గోలీ. పన్నెండు దినాల కింద రక్తపరీక్ష చేస్తే ఐదుగురికీ కొలెస్ట్రాల్ రెట్టింపు. చార్టు తీస్తే ప్రతి రాత్రీ ఇచ్చినట్టు ఈమె సంతకం. సంతకం కాగితంల ఉన్నది, మందు రక్తంల లేదు. ఇగ చెప్పేదేముంది మేడమ్?"

"సోదా చేశారా?"

అతను ఒక ప్లాస్టిక్ సంచిని బల్లమీద తలకిందులు చేశాడు. మాత్రల అట్టలు జలజలా రాలాయి. "ఆమె బ్యాగుల దొరికినయి. నలభై దాకా ఉన్నయి."

ఝాన్సీ ఒక్కొక్కటీ తిరగేసింది. "అన్నీ ఖాళీవే."

"ఖాళీవే."

"దొంగ చెరుకు ఎత్తుకుపోతుందా, పిప్పి ఎత్తుకుపోతుందా శ్రావణ్‌కుమార్ గారూ?"

నాగమణి దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. శ్రీలత తొలిసారి ఝాన్సీ కళ్ళలోకి చూసింది.

"గా మెరుపు కాగితం బతుకమ్మకు అక్కా. చుక్కలు కత్తిరించి తాంబాలం చుట్టూ అంటిస్తం. ఎంగిలిపూల పండుగకు ఇంక మూడు దినాలే ఉన్నది."

"మంచి కథ," అన్నాడు శ్రావణ్‌కుమార్.

"కథలంటే నాకూ ఇష్టమేనండీ. కాకపోతే నేను చివరిదాకా వింటాను." ఝాన్సీ నర్సువైపు తిరిగింది. "మాత్ర చేతిలో పెట్టాక ఏం చేస్తావమ్మా?"

"ఆడనే నిలబడుత. నోట్ల ఏసుకుని, నీళ్ళు తాగేదాక కదల."

"ఒక్కరోజైనా తప్పిందా?"

"ఒక్కరోజు గూడ తప్పలే. మా అవ్వ మీద ఒట్టు."

ఆ ‘ఒట్టు’లో వణుకు లేదు. కాగితం నిజమే చెబుతోంది, రక్తమూ నిజమే చెబుతోంది, ఈ పిల్లా నిజమే చెబుతోంది. మూడు నిజాల నడుమ ఎక్కడో ఒక చిన్న సందు ఉండాలి. మాత్ర పట్టేంత సందు. ఝాన్సీ గడియారం పెట్టుకుని లేచింది. మిగతా ముగ్గురూ వెనకే నడిచారు.

మూడు దాటి రెండు నిమిషాలు. భోజనశాల.

గడపలోనే ఆగి గది నలుమూలలా చూసింది. గోడ వారన ఒక పొడవాటి బల్ల, దాని వెంట వరసగా ఆరు కుర్చీలు. కిటికీ మూల విడిగా ఒక చిన్న బల్ల. దానిమీద కుర్చీ బోర్లించి ఉంది. ఆమె వేలితో రాసి చూసింది. పలుచని దుమ్ము. ఏళ్ళ దుమ్ము కాదది, వారం పదిరోజులది. గది మధ్యలో మాత్రం దుమ్ముకు చోటు లేదు. డెబ్బై తొమ్మిదేళ్ళ దుర్గవ్వ, కొంగు నడుముకు చుట్టి, చప్పట్లు కొడుతూ, వంగుతూ, లేస్తూ, గిర్రున తిరుగుతోంది. ఆమె వెనుక సత్తెమ్మ, అనంతమ్మ. ఈశ్వరయ్య కంచం మీద చెంచాతో తాళం వేస్తున్నాడు. పాట ఆగితే అడుగు ఆగదు, అడుగు ఆగితే నవ్వు ఆగదు.

"రెండు నెలల కిందట దుర్గవ్వను మంచం దింపడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చేది," నాగమణి గొంతు తగ్గించి అంది. "తొడలు పీకుతున్నాయని రాత్రంతా మూలిగేది. ఇప్పుడు చూడండి! అందుకే అనుకున్నాను, మన వైద్యం బాగా పనిచేస్తోందని."

ఝాన్సీ ఆ మాటను మనసులో ఒక మూల భద్రంగా దాచుకుంది.

బల్ల చివర, ఆరో కుర్చీ దగ్గర, తెల్లచొక్కాకు మెడదాకా గుండీలు పెట్టుకున్న బ్రహ్మానందం గారు నిలబడి ఉన్నారు. వయసు ఎనభై రెండు. రైల్వేలో స్టేషన్ మాస్టరుగా రిటైరైన మనిషి. ఆయన ముందు బంతిపూల బుట్ట.

"రాత్రి మాత్రల వేళ ఏం జరుగుతుందో చెబుతారా మాస్టారూ?"

"నిమిషాలతో సహా చెబుతానమ్మా. ఏడు ముప్ఫైకి ట్రాలీ ప్రవేశం. ఏడు ముప్ఫై రెండుకి మొదటి కుర్చీ దగ్గర మాత్ర. ఏడు నలభైకి శ్రీలత నిష్క్రమణ. ఆ అమ్మాయి ఎన్నడూ ఆలస్యం కాలేదు, ఎన్నడూ తొందరపడలేదు. ఇది ఎక్కడైనా రాసి సంతకం పెడతాను."

"మాత్ర మీ చేతిలో పెట్టిందా?"

"పెట్టింది."

"మీరు మింగారా?"

ఆయన కనురెప్పలు రెండుసార్లు కొట్టుకున్నాయి. నుదుటిమీద చెమట తుడుచుకుని, ఎడమ భుజం నిమురుకున్నారు. "డాబా మీద ఇంకా బంతిపూలు ఆరబోసి ఉన్నాయమ్మా. మూడు ఇరవైకల్లా తెస్తానని దుర్గవ్వగారికి మాటిచ్చాను. సెలవిప్పించండి." రెండడుగులు వేసి ఆగారు. "భుజం ఏమీ లేదు. నిన్న బల్ల జరిపితే పట్టేసింది."

అడగని దానికి జవాబిచ్చారు, అడిగిన దానికి ఇవ్వలేదు. నిమిషం తప్పని మనిషి మాట తప్పించాడు. ఎందుకు? కాని అప్పటికే ఆయన బుట్ట పట్టుకుని మెట్లవైపు వెళ్ళిపోయారు.

"ఆయన మంచోడు బిడ్డా, ఆయన్ని ఇడ్సిపెట్టు," అంటూ ఎనభై నాలుగేళ్ళ యాదయ్య ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. "నన్నడుగు. ఏం గావాలె నీకు?"

వంటావిడ ఝాన్సీకి టీ, సాసర్లో రెండు బిస్కెట్లు తెచ్చిపెట్టింది. యాదయ్య కళ్ళు ఝాన్సీ మొహం మీదినుంచి జారి సాసర్లో పడ్డాయి.

"షుగరుందా బాపూ?"

"ఉన్నదంటరు. నాకైతే కానొస్తలేదు."

"రాత్రి మాత్రల టైములో..."

మాట పూర్తికాలేదు. కిటికీ అద్దాలు సన్నగా వణికాయి. ఇంటి కప్పును ఒరుసుకుపోతున్నట్టు, దగ్గరి ఎయిర్‌పోర్టు నుంచి లేచిన విమానం హోరు. ఉన్నట్టుండి ఆట ఆగింది, చెంచా ఆగింది. దుర్గవ్వ రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది. అందరూ మూసుకున్నారు. నాగమణి, శ్రీలత కూడా. చివరికి ఝాన్సీ చేతులు సైతం వాటంతటవే కలిశాయి, రెప్పలు వాలాయి.

"పయనం సల్లంగుండాలె!" అని దుర్గవ్వ గొంతెత్తింది. "సల్లంగుండాలె!" అని గది గదంతా పలికింది.

హోరు తగ్గింది. కళ్ళు తెరుచుకున్నాయి.

"ఏమిటమ్మా ఇది?"

"పైన గన్ని పానాలు పోతున్నయి గద బిడ్డా," అంది దుర్గవ్వ. "ఏ తల్లి బిడ్డలో! మన నెత్తిమీదికెల్లే పోవట్టిరి. ఒక మంచిమాట అనకుంట ఎట్ల పంపాలె? కండ్లు తెరిసి దీవిస్తే దిష్టి తగుల్తది. మూసుకునే అనాలె."

శ్రావణ్‌కుమార్ ఒక్కడే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "అయిందా భజన? టైము మూడు పన్నెండు మేడమ్."

ఝాన్సీ సాసర్ వైపు చూస్తోంది. రెండు బిస్కెట్లలో ఒకటే మిగిలింది. యాదయ్య మొహం ప్రశాంతంగా ఉంది. దవడ మాత్రం నెమ్మదిగా కదులుతోంది.

"బాపూ, రాత్రి ట్రాలీ వచ్చాక విమానం ఏమైనా పోతుందా?"

"ఎందుకు పోదు? ఏడూ ముప్పై ఎనిమిదికి పెద్ద ఇమానం లేస్తది. నాకు గడియారమేందమ్మా, నా గడియారాలన్నీ పైన తిరుగుతయి!" అని గర్వంగా అన్నాక, తానేం అన్నాడో యాదయ్యకు తోచింది. నోటిలో బిస్కెట్ అడ్డంపడి పొలమారింది.

ఝాన్సీ నవ్వు దాచుకుంటూ నీళ్ళందించింది. "శ్రీలతా, ఆ విమానం పోయేటప్పుడు నువ్వూ కళ్ళు మూసుకుంటావా?"

"మూసుకుంట అక్కా. ఎంత, పది సెకన్లు." అని, ఆ పిల్ల ఆగిపోయింది. "అక్కా..."

"పది సెకన్లలో నా బిస్కెట్ పోయింది. బిస్కెట్ పోయిన దారిలో మాత్ర పోదా?"

"ఇదేం ఆధారం మేడమ్?" శ్రావణ్‌కుమార్ ముందుకు వచ్చాడు. "పోయిన గోలీలు యాడున్నయి? ఒక్కటి చూపించుండ్రి. ఒకే ఒక్కటి!"

"తప్పకుండా. ముందు ఒక ఆట ఆడాలి."

కిటికీ గట్టుమీద చేప ఆకారంలో మడిచిన ఒక చెక్కపీట ఉంది. ఝాన్సీ దాన్ని తెచ్చి బల్లమీద విప్పింది. రెండు వరసలు, వరసకు ఏడు గుంటలు. వామనగుంటల పీట. గుంటల నిండా పచ్చటి గింజలు. గది చల్లబడింది. ఈశ్వరయ్య చెంచా జేబులో పెట్టుకున్నాడు.

"ఇవేమి గింజలు దుర్గవ్వా?"

"చింతగింజలు బిడ్డా. ఓనగుంటలు ఇంకేంటితోని ఆడుతరు?"

"చింతగింజలు నల్లగా కదా ఉంటాయి?"

"పండుగొస్తుందని పసుపు రాసినం."

ఝాన్సీ ఒక గుంట ఊడ్చి, గింజలు ఒక్కొక్కటిగా పక్కగుంటల్లో జారవిడిచింది. చింతగింజ పడితే టక్కుమనాలి. ఇవి మెత్తగా, గుట్టుగా, అడుగు చప్పుడు కానివ్వని దొంగల్లా పడుతున్నాయి. చివరి గింజను గుంటలో వేయకుండా యాదయ్య తాగిన నీళ్ళగ్లాసులో వేసింది. అందరి మెడలూ సాగాయి. పసుపు తీగలా విడిపోయింది. లోపలినుంచి కోలగా, తెల్లగా ఒక మాత్ర బయటపడి, నీళ్ళను పాలరంగుకు తిప్పసాగింది.

"ఒకే ఒక్కటి అడిగారు," అంది ఝాన్సీ. "పీట నిండా ఉన్నాయి."

శ్రావణ్‌కుమార్ గ్లాసు ఎత్తి వెలుతురులో చూశాడు. మెల్లగా గ్లాసు దించాడు.

దుర్గవ్వ రెండు చేతులూ నడుముమీద పెట్టుకుంది. "అవ్, ఉమ్మేసినం! బోనాల పండుగ అయిన మర్నాటికెల్లి ఉమ్మేస్తున్నం. నాలిక కింద దాసుడు, ఇమానం రాంగనె గుప్పిట్ల ఉమ్ముడు, తడి మీదనె పసుపద్దుడు, వడియాలతోని ఎండబెట్టుడు. గా గోలీ మింగితె నా తొడలు గుంజుతయి బిడ్డా. సత్తెమ్మకు పిక్కలు. ఈశ్వరయ్యకు నడుము. గుండెపోటు ఎన్నడో రావచ్చునని ఇయ్యాల కాళ్ళెందుకు గుంజాలె? నాకు బతుకమ్మ ఆడాల్నని ఉన్నది!"

"నాతో ఒక్కమాట చెప్పొచ్చు గదా అవ్వా!" శ్రీలత గొంతు పగిలింది.

"నీకు చెప్తె నువ్వు రాస్తవు. రాస్తె పెద్దోళ్ళు నిన్ను తిడుతరు. నువ్వు బాధపడొద్దనే గద దాసినం!" అప్పుడు దుర్గవ్వ శ్రావణ్‌కుమార్ వైపు తిరిగింది. "ఈ బిడ్డను జీపెక్కిస్తవా? గట్లయితె మమ్ములను గూడ ఎక్కియ్యి. ఐదుగురం ఉన్నం. కిటికీ పక్క సీటు నాది!"

"నడుమ సీట్ల నేను కూసోను, నాకు గాలాడదు," అన్నాడు యాదయ్య.

గది ఒక్కసారిగా పకపకలాడింది. సత్తెమ్మ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది, శ్రీలత నవ్వుతూ ఏడ్చింది. నాగమణి దుర్గవ్వ పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"తప్పు నాదమ్మా. ఎనభై ఏళ్ళ వయసులో, గుండెజబ్బు ఎన్నడూ ఎరగనివాళ్ళకు ఈ మాత్ర ఎంత మేలు చేస్తుందో మా వైద్యులకే ఇంకా పూర్తిగా తేలలేదు. కాళ్ళు పీకుతున్నాయంటే కూర్చుని మాట్లాడుకుని ఆపేయవచ్చు, మార్చవచ్చు. నేను ఫైలు చూశాను గాని మిమ్మల్ని అడగలేదు. కాని మీరూ నాకు చెప్పకుండా ఆపకూడదు. అందరి మాత్రలూ ఒకటి కావు."

మూడు ముప్ఫై ఆరు. శ్రావణ్‌కుమార్ ఫోను తీశాడు. "స్టేషన్‌కు చెప్తా, రావద్దని." మూడుసార్లు చేశాడు, మూడుసార్లూ అవతలివాళ్ళు ఎత్తలేదు. "బయల్దేరినట్టున్నరు," అని గొణిగి, చాలా కష్టంమీద, శ్రీలత కళ్ళలోకి చూడకుండా, "తప్పయింది చెల్లే," అన్నాడు.

కేసు ముగిసింది. ఝాన్సీ పీట మడవబోయింది. మడవలేదు.

ఆరు కుర్చీలు. ఐదుగురు దోషులు. కిటికీ మూల దుమ్ముపట్టిన బల్ల. అడిగిన దానికి జవాబివ్వని మనిషి. అందరి మాత్రలూ ఒకటి కావు.

ఆమె పీట మొత్తాన్ని బల్లమీద బోర్లించింది. పచ్చటి కుప్పను అరచేత్తో పరిచి చూసింది. కోలవాటి మధ్య అక్కడక్కడ గుండ్రటివి, చిన్నవి. ఒకదాన్ని తీసి మంచినీళ్ళలో వేసింది. పసుపు విడిపోయింది. లోపల గులాబీరంగు.

శ్రీలత మొహంలో నెత్తురు ఇంకిపోయింది.

"గులాబీ గోలీ... ఈ ఇంట్ల ఒక్కరికే ఉన్నది అక్కా. బ్రహ్మానందం సారుకు."

నాగమణి లేచి నిలబడింది. "ఆయనకు నాలుగు నెలల క్రితమే గుండెలో స్టెంట్ వేశారు! అది ముందుజాగ్రత్త మాత్ర కాదు. ఆ స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా కాపు కాసేది అదే. ఒక్కరోజు కూడా మానకూడదు. కాని ఆయన రక్తపరీక్ష బాగానే ఉందే!"

"పరీక్ష జరిగి పన్నెండు రోజులైంది." ఝాన్సీ వేళ్ళు గుండ్రటివాటిని ఏరుతున్నాయి. ఆరు. ఏడు. ఎనిమిది. ఇంక లేవు. "గ్లాసులోదానితో కలిపి తొమ్మిది. తొమ్మిది రోజుల నుంచి మానేశారు. తొమ్మిది రోజుల కిందట ఇక్కడ ఏం జరిగింది?"

దుర్గవ్వ చెయ్యి నోటిమీదికి పోయింది. "నేనే పిలిసిన బిడ్డా. సారు గా కిటికీ మూలకు ఒక్కడే కూసోని తినేది. ఒక్కనివే ఏంది సారూ, వచ్చి మా పంక్తిల కూసో అన్న. మస్తు ఖుషీ అయిండు. ఆ దినం రెండుసార్లు పప్పేయించుకుండు. మా గోలీల ముచ్చట చెప్పినం గాని, నువ్వు గూడ ఉమ్మెయ్యమని అనలే! ఒట్టు, అనలే!"

"మూడు ఇరవైకి వస్తానన్నారు," అంది ఝాన్సీ. గడియారంలో మూడు నలభై ఒకటి. నిమిషం తప్పని మనిషి, ఇరవై ఒక్క నిమిషాలు ఆలస్యం. చెమట. ఎడమ భుజం. ఆ భుజం పట్టేసింది బల్ల వల్ల కాదు.

అప్పటికే శ్రీలత పరుగెత్తింది. వెనుక ఝాన్సీ, మందుల పెట్టెతో నాగమణి, చెప్పులు జారిపోతున్నా ఆగని శ్రావణ్‌కుమార్.

డాబా మెట్ల మధ్యమలుపులో బ్రహ్మానందం గారు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. మెడదాకా పెట్టిన గుండీలు రెండు ఊడదీసి ఉన్నాయి. ఒళ్ళో బుట్ట, మెట్లనిండా బంతిపూలు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. వాళ్ళను చూసి నవ్వడానికి ప్రయత్నించారు.

"లోపల లైన్ క్లియర్ ఇవ్వడం లేదమ్మా," అన్నారు. "బండి ఇక్కడే నిలిచిపోయింది."

శ్రీలత మోకాళ్ళమీద కూలబడి ఆయన మణికట్టు పట్టుకుంది. "ఎందుకు చేసిండ్రు సార్ గిట్ల?"

"నలుగురితో ఒక వరసలో కూర్చుని తిని ఎన్నాళ్ళయిందో తల్లీ. పక్కన ఐదుగురు వద్దన్నదాన్ని నేనొక్కణ్ణీ మింగితే... అది పంక్తిభేదం కాదూ?" ఊపిరి అందక ఆగారు. "మాత్రే కదా అనుకున్నాను."

నాగమణి పెట్టె తెరిచి మాత్రలు శ్రీలత అరచేతిలో పెట్టింది. "నమిలి మింగించు. వెంటనే. శ్రావణ్ గారూ, కారు!"

శ్రీలత మాత్రలు ఆయన నోటికి అందించిన ఆ క్షణాన్నే గోడలు వణికాయి. మరో విమానం. మెట్ల కింద దుర్గవ్వ చేతులు జోడించింది, యాదయ్య జోడించాడు, అందరూ జోడించారు. "పయనం సల్లంగుండాలె!" అని ఆమె గొంతు ఏడుపుతో కలిసి పైకి లేచింది. ఈసారి ఒక్కరి కళ్ళూ మూసుకోలేదు. శ్రీలత రెప్ప వాల్చకుండా ఆయన గొంతువైపే చూస్తోంది. దవడ కదిలింది. నమిలారు. గొంతుముడి పైకి లేచి, కిందికి దిగింది.

"నోరు తెరువుండ్రి సార్."

ఆయన బుద్ధిగా తెరిచారు. నాలుక కింద ఏమీ లేదు.

వాకిట్లో బ్రేకుల చప్పుడు. పోలీసు జీపు. మూడు యాభై మూడు.

"ఏడు నిమిషాలు ముందు," బ్రహ్మానందం గారు కళ్ళు సగం మూసుకునే అన్నారు. "అది కూడా టైము తప్పడమే."

శ్రావణ్‌కుమార్ ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి మోయడానికి వంటవాళ్ళను కేకేస్తూ, వాకిట్లోకి అరిచాడు: "దిగకుండ్రి అన్నా! దిగకుండ్రి! మనిషిని పట్టుకపోవుడే గాని స్టేషన్‌కు కాదు, దవాఖానకు. సైరన్ ఏయుండ్రి!" జీపులో కూర్చున్న హెడ్ కానిస్టేబుల్ నోరు తెరిచాడు, ప్రశ్న మింగి, వెనుక తలుపు తీశాడు.

కుర్చీ జీపులోకి చేరింది. లోపలినుంచి ఒక బలహీనమైన చెయ్యి బయటకు వచ్చింది. "దుర్గవ్వగారూ, పంక్తిలో నా చోటు..."

"ఎవ్వరినీ కూసోనియ్య సారూ! కాని నీ గోలీ నువ్వే మింగాలె. ఇను, ఇది నా ఆన!"

సైరన్ అందుకుంది. ఝాన్సీ దోసిట్లో ఇంకా ఎనిమిది గుండ్రటి మాత్రలున్నాయి. వాటి పసుపు ఆమె అరచేతులకు అంటింది. నాగమణి ముందు సీట్లోకి ఎక్కుతూ ఆయన మొహంకేసి చూసి, పెదవి బిగబట్టి, తొందరగా పోనిమ్మన్నట్టు చెయ్యి ఊపింది.

వేళ్ళు ఆయన నాడిమీదినుంచి తీయకుండా, తెల్లకోటు విప్పకుండా, శ్రీలత జీపెక్కింది.